బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టాక బండి ఊగుతోందా? ఈసీఎం జోలికి వెళ్ళే ముందు చూడాల్సినవి

మీరు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 60 వేల కిలోమీటర్లు దాటింది. సంక్రాంతికి ఊరెళ్తూ, మూడు వారాలు బండి తీసేవాళ్ళు లేరు కదా అని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టి నెగటివ్ టెర్మినల్ ఊడదీసి వెళ్ళారు. తిరిగొచ్చి బిగిస్తే సెల్ఫ్ ఒక్క దెబ్బకే అందుకుంది గానీ, ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతోంది. బెంగళూరులో టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో రెండుసార్లు ఆగిపోయింది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. డ్రైవర్ వైపు అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్ళేది, ఇప్పుడు వెళ్ళట్లేదు. చెక్ ఇంజిన్ లైట్ లేదు. దగ్గర్లోని మెకానిక్ చూసి, టెర్మినల్ తీయడం వల్ల ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కొట్టేసింది, మార్చాల్సిందే అన్నాడు. నిజంగా అలా పోతుందా అని మీ ప్రశ్న.

పోదు. కీ ఆఫ్ చేసి, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నెగటివ్ టెర్మినల్ తీస్తే ఈసీఎం పాడవదు. బ్యాటరీ మార్చిన ప్రతి బండికీ జరిగేది అదే కదా. మీ బండిలో చెరిగిపోయింది ఈసీఎం ఇన్నేళ్ళుగా నేర్చుకుని పెట్టుకున్న సర్దుబాటు లెక్కలు. ఆ లెక్కలు చెరిగేసరికి, అవి ఇన్నాళ్ళూ కప్పిపుచ్చుతూ వచ్చిన పాత లోపం ఒకటి బయటపడింది. నా అంచనా ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో కార్బన్. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను. కె.ఆర్.పురం వైపు ఉన్న మా గ్యారేజీకి ఏటా పండగ సెలవులు అయ్యాక ఇదే కంప్లయింటుతో బండ్లు వస్తుంటాయి. నెల్లూరు, అనంతపురం, కర్నూలు వెళ్ళొచ్చిన మనవాళ్ళవే ఎక్కువ.

ముందు ఈసీఎంలో ఏముంటుందో చూద్దాం. ఇంజిన్ నడిపే ప్రోగ్రాము, ఏ ఆర్‌పీఎంకి ఎంత పెట్రోలు, స్పార్క్ ఎప్పుడు అనే పట్టికలు శాశ్వత మెమరీలో ఉంటాయి. బ్యాటరీ ఏడాది పాటు తీసి పెట్టినా అవి పోవు. తాళం గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ కోడూ పోదు, కిలోమీటర్ల రీడింగూ పోదు. ఈ పట్టికలన్నీ కొత్త ఇంజిన్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. బండి పాతబడేకొద్దీ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కాస్త మూసుకుంటాయి, సెన్సర్లు కాస్త తేడా చూపిస్తాయి, పెట్రోలు మారుతుంది. అందుకే పట్టికలో ఉన్న అంకెకి ఎంత కలపాలో, ఎంత తీయాలో ఈసీఎం నడుస్తూ నడుస్తూ నేర్చుకుని విడిగా రాసి పెట్టుకుంటుంది. చాలా బండ్లలో, ముఖ్యంగా పాతవాటిలో, ఈ రాత ఉండే మెమరీ బతకాలంటే బ్యాటరీ నుంచి నేరుగా ఒక ఫ్యూజు ద్వారా వచ్చే సప్లయి తెగకూడదు. టెర్మినల్ తీయగానే చెరిగేది అదే.

కొత్త మోడళ్ళలో కొన్ని ఈ లెక్కల్ని శాశ్వత మెమరీలోనే రాసుకుంటాయి. అందుకే మీ పక్క ఫ్లాట్ ఆయన బండికి ఇలా చేసినా ఏమీ కాకపోవచ్చు. అయితే వాటిలో ఒక చిక్కుంది. కీ తీయగానే ఈసీఎం నిద్రపోదు. తనకి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి మెయిన్ రిలేని ఇంకాసేపు పట్టి ఉంచి, ఆ రోజు నేర్చుకున్నది రాసుకుని, అప్పుడు వదులుతుంది. బానెట్ తెరిచి చెవి పెడితే, కీ తీసిన కాసేపటికి టిక్ మని శబ్దం వినిపిస్తుంది. కీ తీసిన వెంటనే స్పానర్ పట్టుకుని టెర్మినల్ లాగేస్తే ఆ రాత సగంలో ఆగుతుంది. కీ తీశాక ఐదు పది నిమిషాలు ఆగి తీస్తే ఆ గొడవే ఉండదు.

ఇక మీ ఊగుడు సంగతి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్ వైపు వెళ్ళే లావు రబ్బరు గొట్టం ఉంటుంది. దాని క్లాంప్ వదులు చేసి పక్కకు లాగితే లోపల గుండ్రటి లోహపు ప్లేటు కనిపిస్తుంది. అదే థ్రాటిల్ ప్లేటు. మీరు యాక్సిలరేటర్ తొక్కితే మోటారు దాన్ని తిప్పుతుంది. ఐడ్లింగ్‌లో అది పూర్తిగా మూసుకోదు, అంచు దగ్గర వెంట్రుకవాసి సందు ఉంటుంది. ఇంజిన్ పీల్చే గాలంతా ఆ సందులోంచే పోవాలి. ఇంజిన్ లోపలి నుంచి బ్రీదర్ గొట్టం ద్వారా వచ్చే ఆయిల్ ఆవిరి ఏళ్ళ తరబడి ఆ అంచు మీద పేరుకుంటుంది. 60 వేలు తిరిగిన బండిలో, అందునా బెంగళూరు ట్రాఫిక్‌లో ఐడ్లింగ్‌లోనే సగం జీవితం గడిపిన బండిలో, ప్లేటు చుట్టూ జిగటగా నల్లటి వలయం కనిపిస్తుంది. గుడ్డతో తుడిస్తే తారులా అంటుకుంటుంది.

సందు పూడుకుపోతున్నకొద్దీ గాలి తగ్గి ఆర్‌పీఎం పడిపోవాలి. కానీ మీకు ఇన్నేళ్ళుగా అలాంటిదేం తెలియలేదు. ఆర్‌పీఎం 750 ఉండాల్సింది 735కి జారగానే ఈసీఎం ప్లేటుని రవ్వంత ఎక్కువ తెరిచేది. ఈ బండికి ఐడ్లింగ్‌లో ఇంత తెరవాలి అని రాసుకునేది. నెలకింత, ఏడాదికింత అలా పెంచుకుంటూ పోయింది. మీరు టెర్మినల్ తీశారు, ఆ రాత చెరిగింది. ఇప్పుడది ప్లేటు శుభ్రంగా ఉందనుకుని, కంపెనీలో చెప్పినంతే తెరుస్తోంది. గాలి చాలదు, ఆర్‌పీఎం పడిపోతుంది. కంగారుగా ఎక్కువ తెరుస్తుంది, ఆర్‌పీఎం ఎగురుతుంది, మళ్ళీ మూస్తుంది. మీరు చూస్తున్న ముల్లు ఊగుడు ఇదే. ఈ ఊగుడులో ముల్లు కిందికి వచ్చిన క్షణానే ఏసీ కంప్రెసర్ కూడా పట్టిందనుకోండి, ఇంజిన్ ఆగిపోతుంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర జరిగింది అదే అయ్యుంటుంది.

ఇదే కథ తిరగేసి కూడా జరుగుతుంది. సర్వీసులో థ్రాటిల్ బాడీ క్లీన్ చేసి, పాత లెక్క చెరపకుండా ఇచ్చేస్తే, ఈసీఎం అలవాటుగా ఎక్కువే తెరుస్తుంది. ఐడ్లింగ్ పదకొండు వందలు, పన్నెండు వందలు చూపిస్తుంది. సర్వీసుకిచ్చాక బండి అరుస్తోందని వచ్చేవాళ్ళలో కొందరిది ఈ బాపతే.

రెండో లెక్క పెట్రోలుది. ఒక కిలో మామూలు పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి ఆ అంకె పదమూడున్నర దగ్గరికి దిగుతుంది. అంటే అదే గాలికి ఇంజెక్టర్ ఇంకాస్త ఎక్కువ పెట్రోలు కొట్టాలి. బండిని కంపెనీలో ఏ పెట్రోలుకి సెట్ చేశారన్నదాన్ని బట్టి ఆ ఎక్కువ నాలుగైదు శాతం నుంచి ఎనిమిది దాకా ఉండొచ్చు. మీది 2017 బండి, ఈ20 అనే ఆ ఇరవై శాతం పెట్రోలు కోసం సెట్ చేసింది కాదు. బంకుల్లో పెట్రోలు మారుతూ వచ్చింది, సైలెన్సర్ వైపు ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీఎం సర్దుకుంటూ వచ్చింది. ఈసీఎం లోపలి అంకెలు చదివే స్కానర్‌లో దీన్నే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని చూస్తాం. టెర్మినల్ తీయగానే అది సున్నా అయింది.

ఆక్సిజన్ సెన్సర్ మూడు వందల డిగ్రీలు దాటి వేడెక్కితే గానీ పని చేయదు. లోపల హీటర్ ఉన్నా కొంత సమయం పడుతుంది. అంతవరకు ఈసీఎం గుడ్డిగా పట్టికని నమ్ముకుని కొడుతుంది. పాత సర్దుబాటు లేదు, జనవరి పొద్దున బెంగళూరు చలి, ట్యాంకులో ఇథనాల్ పెట్రోలు. మొదటి రెండు మూడు నిమిషాలు బండి దగ్గడం, యాక్సిలరేటర్ ఇస్తే తడబడడం వీటివల్లే. సెన్సర్ వేడెక్కాక తగ్గిపోతే భయపడక్కర్లేదు.

బెంగళూరు ఎత్తు మీద ఉంటుంది కాబట్టి రీసెట్ చేస్తే ఇక్కడ బండి సర్దుకోదని ఒక మాట చెప్తుంటారు. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్నాం, గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ, అంతవరకు నిజమే. కానీ కీ ఆన్ చేసినప్పుడు చాలా బండ్లు గాలి ఒత్తిడిని సెన్సర్‌తో కొలిచే తెలుసుకుంటాయి. నేర్చుకుని గుర్తు పెట్టుకునే వ్యవహారం కాదు అది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మన గ్రూపుల్లో ఇది తెగ తిరుగుతుంటుంది. నెలకోసారి బ్యాటరీ తీసి పెడితే పికప్ పెరుగుతుందట. ఇందులో ఆవగింజంత నిజం ఉంది. ఇంజిన్ నాకింగ్ చేస్తే, అంటే లోపల పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమంటే, నాక్ సెన్సర్ విని చెప్తుంది, ఈసీఎం స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది. కొన్ని బండ్లు ఆ ఆలస్యాన్ని గుర్తు పెట్టుకుంటాయి. రీసెట్ చేస్తే మళ్ళీ కంపెనీ టైమింగ్‌తో మొదలవుతుంది, బండి హుషారుగా అనిపిస్తుంది. లోపల కార్బనూ అదే, పోసే పెట్రోలూ అదే అయినప్పుడు మళ్ళీ నాకింగ్ వస్తుంది, మళ్ళీ వెనక్కి లాగుతుంది. మూడునాళ్ళ ముచ్చట. పైగా దీనివల్ల నష్టం ఒకటుంది. టెర్మినల్ తీస్తే చాలా బండ్లలో ఫాల్ట్ కోడ్‌లూ, ఆ ఫాల్ట్ వచ్చిన క్షణంలో ఎంత స్పీడు, ఎంత టెంపరేచర్, ఎంత లోడు అని ఈసీఎం రాసుకున్న వివరమూ పోతాయి. అప్పుడప్పుడు వచ్చిపోయే లోపం పట్టుకోవడానికి మాకు దొరికేదే ఆ ఆధారం. చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందని బ్యాటరీ తీసి లైట్ ఆర్పుకుని గ్యారేజీకి వస్తే, ఆ లోపం మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని మేమూ మీతో పాటు ఎదురు చూడాల్సిందే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఖర్చు లేనిది ముందు. మీరు బిగించిన టెర్మినల్‌ని చేత్తో పట్టుకుని తిప్పండి. రవ్వంత కదిలినా అదే మీ సమస్య కావచ్చు. గుంత వచ్చినప్పుడల్లా సప్లయి క్షణం పాటు తెగి, ఈసీఎం నేర్చుకున్నదంతా చెరిగి, మళ్ళీ మొదటికి రావచ్చు. అలా ఎన్నాళ్ళు తిప్పినా బండి కుదురుకోదు. మీటర్‌లో గడియారం, ట్రిప్ మీటర్ తమంతట తామే సున్నాకి వస్తున్నాయా చూడండి, వస్తుంటే అనుమానమే అక్కర్లేదు. క్లాంప్ లోపల తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే వేడినీళ్ళు పోసి, బ్రష్‌తో రుద్ది, ఆరాక పది నంబర్ స్పానర్‌తో బిగించండి. పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. మరీ బలం చూపించొద్దు, సీసం పోస్టు మెత్తనిది.

తర్వాత బానెట్ కింద టార్చ్ వేసి ఎలుకల జాడ వెతకండి. మూడు వారాలు కదలకుండా సెల్లార్‌లో ఉన్న బండి వాటికి అడిగి ఇచ్చిన ఇల్లు. ఇంజిన్ కవర్ మీద కొబ్బరిపీచు, బియ్యం గింజలు, నల్లటి రెట్టలు, ఇన్సులేషన్ కొరికిన వైర్లు కనిపిస్తాయి. ఇంటేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారి) దగ్గరి సన్నటి వాక్యూమ్ గొట్టం కొరికినా ఐడ్లింగ్ ఇలాగే ఊగుతుంది. పాపం టెర్మినల్ మీదికి నింద వస్తుంది.

ఆ రెండూ బాగుంటే థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించండి. అది పెద్ద పని కాదు. థ్రాటిల్ బాడీ క్లీనర్ అని విడిగా దొరికే స్ప్రే, మెత్తటి గుడ్డ చాలు. కీ ఆన్‌లో ఉండగా ప్లేటుని వేలితో నెట్టనివ్వకండి. దాని వెనక సన్నటి ప్లాస్టిక్ గేర్లుంటాయి, మోటారు అనుకోకుండా తిరిగితే వేలూ నలుగుతుంది. కనెక్టర్ తీసి, క్లాత్‌కి స్ప్రే కొట్టి తుడవాలి.

ఆ తర్వాత బండికి మళ్ళీ నేర్పించాలి. సెల్లార్‌లో మాత్రం వద్దు. ఇంజిన్ పావుగంట ఆన్‌లో ఉండాలి, మూసిన చోట సైలెన్సర్ పొగ ప్రాణాంతకం. గేటు బయటికి తెచ్చి, పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఏసీ, లైట్లు, స్టీరియో అన్నీ ఆఫ్. కీ ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా పది సెకన్లు ఉంచి, ఆఫ్ చేసి మళ్ళీ పది సెకన్లు ఆగండి. ఈ సమయంలో చాలా బండ్లలో థ్రాటిల్ తన మూసిన స్థానాన్ని చూసుకుంటుంది. ఇప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా అలాగే వదిలేయండి. ఊగుతోందని మధ్యలో కాలు పెట్టారో, నేర్చుకుంటున్నది చెడుతుంది. ఆ తర్వాత ఏసీ వేసి ఐదు నిమిషాలు, హెడ్‌లైట్లు వేసి కాసేపు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి కాసేపు. లోడు పడ్డప్పుడు ఎంత తెరవాలో విడిగా నేర్చుకుంటుంది కాబట్టి ఈ తంతు.

ఐడ్లింగ్ కుదిరాక రోడ్డు మీదికి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంట తిరిగినా నేర్చుకునేది తక్కువే, ఎందుకంటే ఒకే స్పీడు మీద నిలకడగా నడవడం అక్కడ కుదరదు. ఆదివారం పొద్దున్నే ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద హొసకోటె దాకా వెళ్ళి రండి. నాలుగో గేర్లోనో ఐదో గేర్లోనో 50, 60 మీద కొన్ని నిమిషాలు నిలకడగా. తర్వాత వెనక బండి లేకుండా చూసుకుని, కాలు పూర్తిగా తీసేసి, గేరు తీయకుండా దానంతట అది స్పీడు తగ్గనివ్వండి. అలా కొన్నిసార్లు. కాలు తీసినప్పుడు పెట్రోలు పూర్తిగా ఆగుతుంది. ఇంజిన్ ఖాళీగా తిరిగే ఆ సమయంలోనే క్రాంక్ సెన్సర్ చదివే చక్రం పళ్ళ మధ్య తేడాల్ని చాలా ఈసీఎంలు కొలుచుకుంటాయి. మిస్‌ఫైర్ (ఏదైనా సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) పట్టుకోవాలంటే వాటికి ఆ లెక్క కావాలి. యాభై నుంచి వంద కిలోమీటర్లలో బండి మామూలు దారికి రావాలి. కొన్ని మోడళ్ళలో ఇదంతా చేసినా సరిపోదు, స్కానర్ పెట్టి థ్రాటిల్ అడాప్టేషన్ అన్న ఆప్షన్ నొక్కాలి. మీ మోడల్‌కి సర్వీస్ మాన్యువల్ ఏం చెప్తే అదే.

ఆటోమేటిక్ బండి ఉన్నవాళ్ళకి ఇంకో తలనొప్పి. గేరు మారేటప్పుడు ఎంత ఒత్తిడి ఇవ్వాలి, ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌నే కంప్యూటర్ మార్చే రకం) అయితే క్లచ్ ఏ స్థానంలో పట్టుకుంటుంది అన్నవి గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకునే లెక్కలే. అవి చెరిగే బండ్లలో మొదటి రోజు గేర్లు కుదుపుగా పడతాయి. మెల్లగా నడిపితే సర్దుకుంటాయి. ఏఎంటీలో కుదుపు తగ్గకపోతే క్లచ్ లెర్నింగ్ స్కానర్‌తోనే చేయించాలి. డీజిల్ వాళ్ళు ఇంత కంగారు పడక్కర్లేదు. ఇంజెక్టర్ల కోడ్‌లు శాశ్వత మెమరీలో ఉంటాయి, టెర్మినల్ తీస్తే పోవు.

మీ అద్దం సంగతి చిటికెలో పని. అద్దం పూర్తిగా పైకి వెళ్ళాక కూడా స్విచ్‌ని పైకి లాగి కొన్ని సెకన్లు పట్టుకోండి. వేలు ఇరుక్కుంటే వెనక్కి వచ్చే రక్షణ ఉంది కదా, పై హద్దు తెలియకపోతే అది పని చేయదు, అందుకే ఆటో ఆపేసి కూర్చుంటుంది. ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థ) లైట్ వెలిగితే స్టీరింగ్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పి, తిన్నగా కాస్త దూరం నడపండి. కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి, అది ఎక్కడ రాసి పెట్టారో టెర్మినల్ తీసేముందే వెతుక్కోవాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యే స్టార్ట్ స్టాప్ ఉన్న బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీదే చిన్న బ్యాటరీ సెన్సర్ ఉంటుంది. దానికి బ్యాటరీ పరిస్థితి మళ్ళీ అర్థమయ్యేదాకా స్టార్ట్ స్టాప్ పని చేయదు, చెడిపోయిందనుకోకండి.

ఇంతవరకు చెప్పినవన్నీ సర్దుకునే సంగతులు. నిజంగా ఈసీఎంని కొట్టేసే పని ఇంకొకటుంది, దాన్ని మాత్రం మీ కళ్ళ ముందు ఎవర్నీ చేయనివ్వకండి. ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తోందో లేదో చూడ్డానికి, ఇంజిన్ నడుస్తుండగానే టెర్మినల్ లాగేసి, ఇంజిన్ ఆగకపోతే బాగున్నట్టే అని చెప్పే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. అంబాసిడర్ల కాలంలో అది చెల్లింది. అప్పుడు బానెట్ కింద పాడయ్యే ఎలక్ట్రానిక్స్ లేవు. నడుస్తున్న ఆల్టర్నేటర్ బ్యాటరీలోకి కరెంటు తోస్తూ ఉంటుంది. ఆ దారి ఒక్కసారిగా తెగితే ఆల్టర్నేటర్ వెంటనే తగ్గించుకోలేదు, వోల్టేజి కొన్ని పదుల వోల్టుల దాకా ఎగురుతుంది. ఇప్పటి ఆల్టర్నేటర్లలో దాన్ని పట్టి ఉంచే డయోడ్లు ఉంటాయి, ఈసీఎం లోపలా కొంత రక్షణ ఉంటుంది. ఒకసారి తప్పించుకోవచ్చు, ప్రతిసారీ తప్పించుకుంటుందన్న భరోసా లేదు. చార్జింగ్ చూడాలంటే మల్టీమీటర్ పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. కొత్త బండ్లలో కొన్ని మైలేజీ కోసం మధ్యమధ్యలో చార్జింగ్ తగ్గిస్తాయి, అప్పుడు 12.8 కనిపించినా తప్పు కాదు. మీ మెకానిక్ ఇలాంటి పరీక్ష ఏదైనా చేశాడేమో గుర్తు చేసుకోండి. చేసి ఉంటే నేను పైన చెప్పిన అంచనా మీద అంత ధీమాగా ఉండను.

అసలు టెర్మినల్ తీయడం అవసరమా అంటే, మూడు వారాలకి మీరు చేసింది సబబే. తాళం వేసి ఉన్న బండి కూడా రిమోట్, అలారం, ఈసీఎం మెమరీ కోసం 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. 50 అనుకుంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న బండ్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. 21 రోజులకి 25 పోతుంది, మిగిలినదానితో సెల్ఫ్ తిరగడం కష్టం. డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో ఉన్నా, బయట పెట్టించిన జీపీఎస్ ట్రాకర్ ఉన్నా ఇంకా తొందరగా దిగుతుంది. ఫాస్టాగ్ వల్ల బ్యాటరీ దిగుతుందా అని అడిగేవాళ్ళూ ఉన్నారు, దానికి మన బ్యాటరీతో సంబంధమే లేదు, టోల్ రీడర్ తరంగాలతోనే అది పలుకుతుంది. వారం, పది రోజులకైతే మంచి బ్యాటరీ ఉన్న బండికి టెర్మినల్ జోలికి వెళ్ళకండి. ఎక్కువ రోజులకైతే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి స్టార్ట్ చేయించడం కన్నా నెగటివ్ తీయడమే మేలు. ఐదు నిమిషాల ఐడ్లింగ్‌తో సెల్ఫ్ తాగినదే సరిగా పూడదు.

తీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ మీద ఉన్న స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు రాలేది నెగటివ్ బిగించి ఉన్నప్పుడే. మళ్ళీ బిగించేటప్పుడు టిక్కున చిన్న స్పార్క్ రావడం మామూలే. తాళాలు మాత్రం జేబులో ఉంచుకోండి. టెర్మినల్ తీశాక రిమోట్ పని చేయదు, డోరు తాళంచెవితోనే తీయాలి. బ్యాటరీ డిక్కీలో ఉండే ఖరీదైన బండ్లవాళ్ళు డిక్కీ మూసేముందు ఒక్క క్షణం ఆలోచించుకోవాలి.

ఇంకొక్కటి చూడాలి, బ్యాటరీ వయసు. నాలుగేళ్ళు దాటిందా? రాత్రంతా ఆగి ఉన్నాక మీటర్ పెడితే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0 అంటే అడుగంటినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతుంటే దాని పని అయిపోయింది. కొన ఊపిరితో ఉన్న బ్యాటరీ, తీసేసిన బ్యాటరీ కన్నా ఎక్కువ తిప్పలు పెడుతుంది. వోల్టేజి తక్కువైతే ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, స్పార్క్ ఇచ్చే కాయిల్ నిండడానికి ఎక్కువ సమయం కావాలి. ఈసీఎం దానికీ లెక్క కడుతుంది గానీ ఒక హద్దు వరకే. పవర్ స్టీరింగ్ లైట్, ఏబీఎస్ లైట్, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు లైట్లు ఒకేసారి వెలిగితే నేను స్కానర్ కన్నా ముందు మల్టీమీటర్ తీస్తాను.

ఈసీఎం మార్చాలన్న మెకానిక్‌ని ఒక్కటి అడగండి, ఏ కోడ్ చూసి చెప్పాడో కాగితం మీద రాసివ్వమనండి. కీ ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైట్ వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరుతోందా? స్కానర్ ఈసీఎంతో మాట్లాడుతోందా? సెల్ఫ్ ఒక్క దెబ్బకే అందుకుంటోందా? ఈ మూడింటికీ అవును అయితే ఈసీఎం పోయిందని నేను నమ్మను. కొత్తదానికి ఐదంకెల ఖర్చు. శివాజీనగర్ పాత సామాన్ల దుకాణాల్లో సెకండ్ హ్యాండ్‌ది చవకగా తెచ్చి వేస్తానంటే అసలే ఒప్పుకోకండి. ఇమ్మొబిలైజర్ మీ తాళంతో కలవకపోతే ఇప్పుడు ఊగుతూ అయినా నడుస్తున్న బండి స్టార్టే అవదు.

థ్రాటిల్ క్లీన్ చేయించి, పైన చెప్పినట్టు నడిపాక కూడా ఊగుతుంటే, స్కానర్ పెట్టించి ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత ఐడ్లింగ్‌లో ఈ అంకెలు రాసి పంపండి: కూలెంట్ టెంపరేచర్, థ్రాటిల్ ఎంత శాతం తెరుచుకుంది, షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ ట్రిమ్‌లు, ఇంటేక్‌లో ఒత్తిడి, బ్యాటరీ వోల్టేజి. రెండు ట్రిమ్‌లూ కలిపి ప్లస్ పది దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగుతుంటే ఎక్కడో గాలి లీకవుతోంది. ఆ ఎలుక కొరికిన గొట్టం కోసం మళ్ళీ వెతకాలి. ఐడ్లింగ్‌లోనూ 2500 దగ్గరా ఒకేలా ప్లస్ పది దాటే ఉంటే ఇంజెక్టర్లు, పెట్రోల్ పంప్ ప్రెషర్ చూపించండి.